రాత్రి కచేరీ, పెరటి పక్షి: ఇంగ్లండ్‌లో జంట వినోదాల చరిత్ర

డబ్బు చెల్లించి సాయంత్రం వేళ కచేరీ వినడం, తీరిక దొరికినప్పుడు ఇంటి తోటలో వాలిన పక్షులను గమనించడం అనే రెండు అలవాట్లు నేటి ఇంగ్లండ్‌లో వేర్వేరు తావులకు, వేర్వేరు వేళలకు చెందినవిగా కనిపిస్తాయి. మొదటిది నాలుగు గోడల మధ్య దీపాల వెలుగులో జరిగేది, రెండవది కిటికీ పక్కన పగటి వెలుగులో సాగేది. అయితే పదిహేడవ శతాబ్దపు ఉత్తరార్ధం నుంచి చాలా కాలం పాటు లండన్ నగరవాసికి ఇవి రెండూ ఒకే చోట, ఒకే సాయంత్రం దొరికేవి. తరువాతి కాలంలో అవి విడిపోవడానికి జనం అభిరుచి మారడం కారణం కాదు. నగరం పెరిగి నేలకు గిరాకీ రావడం, రైలు కట్ట రావడం, పంజరాల వ్యాపారం విస్తరించడం వంటి కారణాలు వాటిని విడదీశాయి. ఆ రెంటినీ మళ్లీ కలపాలన్న కోరిక మాత్రం చావలేదు, దాని ఆనవాళ్లు ఈ చరిత్ర పొడవునా కనిపిస్తాయి.

కచేరీ సంగతి ముందుగా చెప్పుకోవాలి. రాజాస్థానంలోనో, చర్చిలోనో, సంపన్నుల ఇళ్లలోనో, లేదా సత్రాలలో తాగేవారి సందడి మధ్యనో తప్ప సామాన్యుడికి శిక్షణ పొందిన వాద్యకారుల సంగీతం వినే వీలు లేని కాలంలో, జాన్ బానిస్టర్ అనే వయొలిన్ విద్వాంసుడు 1672 డిసెంబరు చివర లండన్‌లోని తన ఇంట్లో, మనిషికి ఒక షిల్లింగు రుసుముతో, ఎవరైనా వచ్చి వినగల కచేరీలు ప్రారంభించాడు. షిల్లింగు అంటే పన్నెండు పెన్నీలు, అంటే పౌనులో ఇరవయ్యో వంతు. ఆ తరువాత ఆరేళ్లకు, 1678లో, క్లార్కెన్‌వెల్ పేటలో వీధి వీధి తిరిగి బొగ్గులు అమ్ముకునే థామస్ బ్రిటన్ తన బొగ్గుల కొట్టు మీద ఉన్న ఇరుకు గదిలో వారానికొక కచేరీ పెట్టడం మొదలుపెట్టి, 1714లో మరణించే దాకా దాన్ని నడిపించాడు. బయటి నుంచి నిట్రంగా ఉన్న మెట్లెక్కి, తల వంచుకుని లోపలికి వెళ్లవలసిన ఆ గదికి ప్రభువులూ, పండితులూ వచ్చేవారు. పగలు బొగ్గు బస్తా మోసిన చేతులతోనే రాత్రి వాద్యం పట్టిన ఈ మనిషికి ఇంగ్లండ్ సంగీత చరిత్రలో దక్కిన చోటు ఆయన స్వశక్తితో సంపాదించుకున్నది.

ఇవి గదుల్లో జరిగిన కచేరీలు కాగా, థేమ్స్ నదికి దక్షిణపు ఒడ్డున, లాంబెత్ పరిధిలోని వాక్స్‌హాల్ వద్ద ఆరుబయట మరొక రకమైన వినోదం రూపుదిద్దుకుంది. రాచరికం తిరిగి వచ్చిన 1660 తరువాత అక్కడ న్యూ స్ప్రింగ్ గార్డెన్ పేరిట వెలసిన తోటకు జనం పడవల్లో నది దాటి వచ్చేవారు. దినచర్య రచనకు ప్రసిద్ధుడైన నౌకాదళ అధికారి శామ్యూల్ పీప్స్ 1667 మే 28 నాటి దినచర్యలో ఆ తోట గురించి రాసినది ఈ విషయానికి అత్యంత విలువైన సాక్ష్యం. అక్కడ ఎవరికి తోచినంత వారు ఖర్చు పెట్టవచ్చునని, ఏమీ పెట్టకుండా కూడా తిరిగి రావచ్చునని చెప్పి, నైటింగేల్ పాట, ఇతర పక్షుల కూతలు, ఒక మూల వయొలిన్లు, మరొక మూల హార్ప్ తంత్రులు, ఇంకొక చోట జ్యూస్ హార్ప్, నవ్వులు, షికారు జనం అన్నింటినీ ఆయన ఒకే వరుసలో, ఒకే ఆనందంలో భాగాలుగా చెప్పాడు. జ్యూస్ హార్ప్ అనేది పళ్ల మధ్య పట్టుకుని వేలితో మీటే చిన్న ఇనుప వాద్యం. కర్ణాటక సంగీత శ్రోతలకు మోర్సింగ్‌గా పరిచయమైన దానికి ఐరోపా బంధువు. వాద్యం వేరు, పక్షి వేరు అనే విభజన పీప్స్ వాక్యంలో లేదు. స్పెక్టేటర్ పత్రికలో జోసెఫ్ అడిసన్ 1712లో ఇదే తోటను వర్ణించినప్పుడు కూడా చెట్ల మీద పాడే పక్షుల బృందానికి ప్రధాన స్థానమే దక్కింది.

నైటింగేల్ గురించి ఇక్కడ కొంత వివరించడం అవసరం. పిచ్చుక కంటే కొద్దిగా పెద్దదైన ఈ గోధుమరంగు పక్షికి చూపులో ప్రత్యేకత ఏమీ లేదు. చలికాలమంతా ఆఫ్రికాలో గడిపి ఏప్రిల్ నడుమ ఇంగ్లండ్ చేరుకుని, మే నెలంతా, జూన్ తొలి రోజుల దాకా పాడుతుంది. పగలు కూడా పాడేదే అయినా, మిగిలిన పక్షులన్నీ ముడుచుకున్న తరువాత రాత్రి వేళ దట్టమైన పొదల నడుమ నుంచి వినిపించే దాని గొంతు మనుషుల చెవికి ప్రత్యేకంగా తోస్తుంది. వాక్స్‌హాల్ తోట తెరిచే కాలమూ, ఈ పక్షి పాడే కాలమూ మే నెలలోనే కలవడం ఆ తోట అదృష్టం.

1729లో ఈ తోటను కౌలుకు తీసుకున్న జోనథన్ టయర్స్ దాని రూపం పూర్తిగా మార్చివేశాడు. 1732 జూన్‌లో యువరాజు ఫ్రెడరిక్ సమక్షంలో జరిగిన ప్రారంభోత్సవం తరువాత ప్రవేశ రుసుము షిల్లింగుగా స్థిరపడి, దశాబ్దాల పాటు పెరగకుండా నిలిచింది. చెట్ల నడుమ వాద్యబృందం కోసం ఎత్తైన మండపం, దాని వెనుక ఆర్గన్ కోసం మరొక కట్టడం, చుట్టూ చిత్రాలతో అలంకరించిన భోజనపు గదులు వచ్చాయి. అక్కడ వడ్డించే మాంసపు ముక్కలు ఎంత పలుచగా కోసేవారంటే ఆ పలుచదనమే లోకప్రసిద్ధమైంది. చీకటి పడగానే ఒక ఈల వినిపించేది. ఆ సైగతో సిద్ధంగా ఉన్న పనివారు ఒత్తి తాళ్లకు నిప్పంటించగా, చెట్లకు వేలాడే నూనె దీపాలు వేలకొద్దీ దాదాపు ఒక్కసారిగా వెలిగేవి. 1738లో టయర్స్ ఈ తోటలో సంగీత రచయిత హాండెల్ పాలరాతి విగ్రహాన్ని నిలబెట్టాడు. రూబియాక్ అనే శిల్పి చెక్కిన ఆ విగ్రహంలో హాండెల్ విగ్గు లేకుండా, తలకు మెత్తని టోపీతో, ఒక కాలి చెప్పు జారి ఉండగా, చేతిలోని లైర్ వాద్యాన్ని మీటుతూ తీరిగ్గా కూర్చుని ఉంటాడు. రాజులకూ, సేనానులకూ తప్ప విగ్రహాలు లేని కాలంలో, బతికి ఉన్న ఒక సంగీతకారుడికి బహిరంగ స్థలంలో దక్కిన ఈ గౌరవం అసాధారణమైనది. ఆ విగ్రహం నేడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

ఈ తోటలోని ఏర్పాట్లలో అన్నిటికంటే ఆసక్తికరమైనది సంగీత పొదలు అనే ప్రయోగం. పొదల మాటున నేలలో గొయ్యి తీసి, అందులో వాద్యకారులను కూర్చోబెట్టి, పైనుంచి నడిచే జనానికి పొదే పాడుతున్నదన్న భ్రాంతి కలిగించేవారు. నేల చెమ్మకు వాద్యాలు పాడైపోతుండటంతో ఈ ఏర్పాటు మానుకోవలసి వచ్చింది. పక్షి చేసే పనిని మనిషి చేత చేయించాలన్న ఈ ఊహలో టయర్స్ వ్యాపార దక్షతతో పాటు నిజమైన సౌందర్య దృష్టి కూడా కనిపిస్తుంది. కనిపించని గొంతుకే ఆకర్షణ ఎక్కువని ఆయన నైటింగేల్ నుంచి నేర్చుకున్నాడనుకోవడం అతిశయోక్తి కాదు. 1749 ఏప్రిల్ 21న హాండెల్ బాణసంచా సంగీతానికి ఇక్కడ జరిగిన సాధన ప్రదర్శనకు మనిషికి రెండున్నర షిల్లింగుల చొప్పున చెల్లించి పన్నెండు వేల మంది వచ్చారని నాటి పత్రికలు రాశాయి. ఆ సంఖ్యలో అతిశయం ఉన్నా ఉండవచ్చు. నది మీద నగరానికి ఉన్న ఏకైక వంతెన అయిన లండన్ బ్రిడ్జి మాత్రం బండ్లతో మూడు గంటల సేపు స్తంభించిపోయింది.

పక్షిగానం వాద్యసంగీతంలోకి రావడం కూడా ఇదే కాలపు ముచ్చట. హాండెల్ 1739లో రాసిన ఒక ఆర్గన్ కన్చెర్టోలో, అంటే ఆర్గన్ ఒక వైపు, వాద్యబృందం మరొక వైపు సంభాషించుకునే రచనలో, కుకూ పక్షి రెండు స్వరాల కూత, నైటింగేల్ గమకాలు స్పష్టంగా వినిపిస్తాయి. అందుకే దానికి ఆ పక్షుల పేర్లే స్థిరపడ్డాయి. మరొక వైపు మనిషి పాటను పక్షికి నేర్పే ప్రయత్నమూ సాగింది. 1717లో లండన్‌లో ప్రచురితమైన ‘ది బర్డ్ ఫ్యాన్సియర్స్ డిలైట్’ అనే పుస్తకంలో ఏ పంజరపు పక్షికి ఏ బాణీ నేర్పవచ్చో, ఫ్లాజొలెట్ అనే చిన్న పిల్లనగ్రోవి మీద వాయించడానికి వీలుగా స్వరపరచి ఇచ్చారు.

ఈ రెండు దారులనూ శాస్త్రీయ దృష్టితో పరిశీలించినవాడు డెయిన్స్ బారింగ్టన్. వృత్తిరీత్యా న్యాయవేత్త అయిన ఈయన 1765లో లండన్‌లో ఉన్న తొమ్మిదేళ్ల మొజార్ట్‌ను స్వయంగా పరీక్షించి, ముందెన్నడూ చూడని సంగీతాన్ని ఆ బాలుడు తడుముకోకుండా వాయించిన తీరును, నడుమ ఒక పిల్లి గదిలోకి రాగానే వాద్యం వదిలేసి దాని వెంట పరుగెత్తిన వైనాన్ని రాయల్ సొసైటీ అనే విజ్ఞాన సంఘానికి నివేదించాడు. అదే సొసైటీ పత్రికలో 1773లో పక్షుల పాట మీద ఆయన ప్రయోగాలు వెలువడ్డాయి. లినెట్ అనే చిన్న గింజతిండి పక్షి పిల్లలను గూటి నుంచి తీసి, వేరే జాతి పక్షుల దగ్గర పెంచినప్పుడు, అవి తమ జాతి పాటకు బదులు పెంచిన పక్షి పాటనే పాడాయి. అంటే పాటలో పుట్టుకతో వచ్చేదాని కంటే విని నేర్చుకునేదే ఎక్కువన్నది ఆయన నిర్ధారణ. దీనితో పాటు ఆయన ఇంగ్లండ్ పక్షులకు సంగీత పరీక్షలో వేసినట్టు మార్కులు కూడా వేశాడు: ఇరవైని పరిపూర్ణతగా పెట్టుకుని, మాధుర్యం, ఉల్లాసం, విషాదం, స్వరాల పరిధి, నిర్వహణ అనే అయిదు అంశాలలో నైటింగేల్‌కు ఉల్లాసంలో 14, మిగిలిన నాలుగింటిలోనూ 19 చొప్పున ఇచ్చాడు. ఆ పట్టికలోని అంకెల కంటే, పక్షిని విద్వాంసుడితో సమంగా కూర్చోబెట్టి విన్న ఆ శ్రద్ధ గొప్పది.

బారింగ్టన్‌కు ఉత్తరాలు రాసినవారిలో హాంప్‌షైర్ ప్రాంతపు సెల్బోర్న్ గ్రామానికి చెందిన మతాచార్యుడు గిల్బర్ట్ వైట్ ఒకడు. ఇంటి తోటలో, ఊరి దారుల్లో కనిపించే ప్రాణులను ఏళ్ల తరబడి గమనించి రాసిన ఆ ఉత్తరాలే 1789లో సెల్బోర్న్ ప్రకృతి చరిత్రగా వెలువడి, పెరటి పక్షులను గమనించే సంప్రదాయానికి మూలగ్రంథమయ్యాయి. చూడటానికి ఒకేలా ఉండే మూడు చిన్న పక్షులు వేర్వేరు జాతులని ఆయన ముఖ్యంగా వాటి పాటలను బట్టి గుర్తించాడు. సంగీతం తెలిసిన మిత్రుడొకడు హార్ప్సికార్డ్‌లను శ్రుతి చేసేవారు వాడే శ్రుతిపీకతో తన ఇంటి చుట్టుపక్కల గుడ్లగూబల కూతలను పరీక్షించి, అవి బి ఫ్లాట్ స్వరంలో కూస్తున్నాయని చెప్పిన సంగతిని వైట్ 1771లో బారింగ్టన్‌కు రాశాడు. సెల్బోర్న్‌లోనే మంచి చెవి ఉన్న పొరుగువాడు ఊరి గుడ్లగూబలు మూడు వేర్వేరు శ్రుతుల్లో కూస్తాయని తేల్చాడు. అంతేకాక రెండు కుకూలు ఒకటి డి స్వరంలోనూ, మరొకటి దానికి సరిగ్గా పై స్వరస్థానంలోనూ ఒకేసారి కూయగా పుట్టిన అపశ్రుతి భరించరానిదిగా ఉన్నదని చెప్పాడు. పక్కపక్క స్వరస్థానాలు కలిసి మోగితే ఎలా ఉంటుందో వీణ మెట్ల మీద వేలు వేసి చూసిన ఎవరికైనా ఈ ఫిర్యాదు అర్థమవుతుంది. తోటలోని పక్షిని కచేరీ శ్రోత చెవితో విన్న ఈ పల్లెటూరి మనుషులే ఈ జంట వినోదాల చరిత్రకు అసలైన నాయకులు.

పందొమ్మిదవ శతాబ్దం ఈ బంధాన్ని తెంచింది. 1816లో వాక్స్‌హాల్ వంతెన వచ్చి నది అవతల ఇళ్లు పెరిగాయి. 1848లో రైలు కట్ట తోట పక్కగా సాగింది. పొదలు లేని చోట నైటింగేల్ ఉండదు. బెలూన్ ప్రదర్శనలు, బాణసంచా వంటి వాటితో కొంతకాలం నెట్టుకువచ్చిన తోట 1859 జులైలో మూతపడి, ఆ నేల ఇళ్ల స్థలాలుగా మారింది. అప్పటికే అదే లాంబెత్‌లో చార్లెస్ మోర్టన్ 1852లో తన మద్యశాలకు అనుబంధంగా కాంటర్‌బరీ హాల్ తెరిచాడు. భోజనం, పానీయం, పాట కలిసిన మ్యూజిక్ హాల్ అనే ప్రదర్శనశాలల యుగానికి అది నాంది. రాత్రి సంగీతం పైకప్పు కిందికి చేరింది. పక్షి పంజరంలోకి చేరింది. తూర్పు లండన్ మద్యశాలల్లో చాఫించ్ అనే పక్షుల పంజరాలను ఎదురెదురుగా వేలాడదీసి, నిర్ణీత సమయంలో ఏది ఎక్కువ సార్లు పూర్తి పాట పాడుతుందోనని పందేలు కాసేవారు. ఆగకుండా పాడాలని కొందరు వాటి కళ్లు పోగొట్టేవారు. సంగీతం పేరిట జరిగిన ఈ క్రూరత్వానికి ఏ సమర్థనా లేదు. అడవి పక్షులను పట్టి అమ్మడాన్ని చట్టం గట్టిగా నిషేధించడానికి 1933 దాకా ఆగవలసి వచ్చింది.

పంజరానికి ప్రత్యామ్నాయంగా పెరట్లో గింజలు వేసే అలవాటు శతాబ్దం చివర బలపడింది. పక్షుల ఈకలతో టోపీలు అలంకరించే ఫ్యాషన్‌కు వ్యతిరేకంగా ఎమిలీ విలియమ్సన్ 1889లో మాంచెస్టర్ శివారైన డిడ్స్‌బరీలో ప్రారంభించిన మహిళా సంఘమే తరువాత రాయల్ సొసైటీ ఫర్ ది ప్రొటెక్షన్ ఆఫ్ బర్డ్స్ అయింది. 1890-91 చలికాలం అతి కఠినంగా ఉండటంతో పక్షులకు మేత వేయమని పత్రికలు పాఠకులను కోరాయి. థేమ్స్ వంతెనల మీద మధ్యాహ్న విరామంలో శ్రామికులు తమ భోజనంలో మిగిలినవి, పెన్నీకి కొన్న చిన్న చేపలు సీగల్ పక్షులకు విసిరే దృశ్యాన్ని డబ్ల్యూ. హెచ్. హడ్సన్ 1898లో లండన్ పక్షులపై రాసిన పుస్తకంలో నమోదు చేశాడు. తోట లేనివారికి వంతెనే తోట అయిందన్నమాట.

విడిపోయిన సంగీతాన్నీ పక్షినీ మళ్లీ ఒక రాత్రి కలిపినది రేడియో. ఉత్తర భారతంలోని రూర్కీలో 1892లో, సైనిక ఇంజనీరు కుటుంబంలో పుట్టిన బియాట్రిస్ హారిసన్ ఇరవయ్యవ శతాబ్దపు తొలి అర్ధభాగంలో ఇంగ్లండ్‌లో పేరెన్నికగన్న చెల్లో విదుషీమణి. చెల్లో అంటే కూర్చుని మోకాళ్ల నడుమ నిలిపి కమానుతో వాయించే, వయొలిన్ కుటుంబానికి చెందిన మంద్రస్థాయి వాద్యం. సర్రే జిల్లా ఆక్స్‌టెడ్ సమీపంలోని తన ఇంటి తోటలో 1923 వసంతకాలపు రాత్రి ఒంటరిగా సాధన చేస్తుండగా, రిమ్‌స్కీ-కోర్సకోవ్ రచించిన భారతీయ అతిథి గీతం వాయించినప్పుడు, పొదలోంచి నైటింగేల్ గొంతు కలిపిందని ఆమె చెప్పింది. ఈ కలయికను దేశమంతటికీ వినిపించాలని ఆమె బీబీసీ అధిపతి జాన్ రీత్‌ను పట్టుబట్టి ఒప్పించింది. అప్పటికి బీబీసీకి రెండేళ్లు కూడా నిండలేదు. స్టూడియో బయటి నుంచి, అందునా అడవి ప్రాణి గొంతును ప్రసారం చేయడం ఎవరికీ అనుభవం లేని పని. 1924 మే 19 రాత్రి ఇంజనీర్లు అత్యంత సున్నితమైన మైకును పొద దగ్గర పెట్టి, ధ్వనిని టెలిఫోన్ తీగల మీదుగా లండన్‌కు పంపే ఏర్పాటు చేయగా, ఆమె పక్షికి దగ్గరగా ఉండేందుకు కాలువ గట్టున కూర్చుని వాయించింది. చాలాసేపు పక్షి పలకలేదు. ప్రసారం ముగియడానికి కొద్దిసేపు ముందు, రాత్రి పదిన్నర దాటిన తరువాత పాట మొదలైంది. దాదాపు పది లక్షల మంది విన్నారని అంచనా. చాలామందికి నైటింగేల్ పాట వినడం అదే మొదటిసారి. ఏటా మే నెలలో ఈ ప్రసారం కొనసాగింది, గ్రామఫోన్ రికార్డులు కూడా వచ్చాయి.

తొలి రాత్రి వినిపించినది నిజమైన పక్షి కాదనీ, ముందుజాగ్రత్తగా రప్పించిన ఈలపాట కళాకారిణి అనుకరణ అనీ 2022లో ఒక వాదన వచ్చింది. హారిసన్ జీవితాన్ని పరిశోధించినవారు దానిని అంగీకరించలేదు. ఆ ఒక్క రాత్రి సంగతి ఎలా తేలినా, 1927 నాటి రికార్డుల్లో వినిపించే గొంతు గురించి అటువంటి తగవు లేదు. ఆమె ఆ ఇల్లు విడిచిన తరువాత కూడా బీబీసీ అదే తోట నుంచి పక్షుల పాటను ప్రసారం చేసింది. 1942 మే 19న మాత్రం పక్షి పాటతో పాటు జర్మనీలోని మాన్‌హైమ్ మీదికి బయలుదేరిన 197 బాంబర్ విమానాల హోరు కూడా మైకులోకి రావడంతో, శత్రువుకు ముందే ఆచూకీ అందుతుందని ఇంజనీరు ప్రసారాన్ని ఆపివేశాడు. రికార్డు మాత్రం మిగిలింది.

1979లో పక్షి సంరక్షణ సంఘం జనవరి చివరి వారాంతంలో తోటలోని పక్షులను ఒక గంట సేపు లెక్కించే కార్యక్రమాన్ని పిల్లల కోసం ప్రారంభించగా, బ్లూ పీటర్ అనే బాలల టీవీ కార్యక్రమం దాన్ని ఇంటింటికీ చేర్చింది; 2001 నుంచి పెద్దలకూ అందులో చోటు దొరికింది. వచ్చిన పక్షే మళ్లీ మళ్లీ రావచ్చు కనుక, గంటలో మొత్తం ఎన్ని వచ్చాయని కాక, ఒక్కొక్క జాతిలో ఒకేసారి ఎన్ని కనిపించాయన్నదే రాసుకోవాలన్నది నియమం. లక్షలాది మంది పాల్గొనే ఈ లెక్కలో ఊరపిచ్చుక తొలి స్థానంలో ఉంటూనే, దాని సంఖ్య మొదటి లెక్కలతో పోలిస్తే సగానికి పైగా పడిపోయిన సంగతి కూడా బయటపడింది. చలికాలంలో ఆఫ్రికాలో ఉండే నైటింగేల్ ఈ పట్టికకు ఎన్నడూ ఎక్కదు. గత అర్ధశతాబ్దంలో బ్రిటన్‌లో దాని సంఖ్య సుమారు తొంభై శాతం తగ్గింది, నేడు అది ఆగ్నేయ ఇంగ్లండ్‌లోని కొద్ది పొదలకే పరిమితమైంది. వాటిలో కొన్ని చోట్ల జానపద గాయకుడు సామ్ లీ వంటివారు వసంతకాలపు రాత్రుల్లో కొద్దిమంది శ్రోతలను చీకట్లో నడిపించుకుని వెళ్లి, పక్షి పాడుతుండగా దానితో పాటు పాడుతున్నారు. టికెట్టు పెట్టి జరిగే ఈ కచేరీలకు వాక్స్‌హాల్‌లో వెలిగిన దీపాలు మాత్రం పనికిరావు.

నగరాల్లో నైటింగేల్ విన్నామని చెప్పేవారు నేటికీ ఉన్నారు. వారు విన్నది చాలా సందర్భాల్లో వీధి దీపం పక్కన పాడే రాబిన్. ఎర్రని రొమ్ముతో, మనిషికి చనువుగా మసలే ఈ చిన్న పక్షి ఏడాది పొడవునా తోటల్లోనే ఉంటుంది. ఇది అర్ధరాత్రి ఎందుకు పాడుతుందో షెఫీల్డ్ నగరంలో పరిశీలించి 2007లో ప్రచురించిన పరిశోధనలో, రాత్రి పాట ఎక్కువగా వినిపించిన చోట్లు పగటి రొద ఎక్కువగా ఉన్న చోట్లేనని, వీధి దీపాల వెలుగు కంటే ఆ రొదే బలమైన కారణమని, పగలు తన గొంతు వినిపించని పక్షి మనుషుల సద్దు మణిగాక పాడుకుంటున్నదని తేలింది.